చేతిఫోను టెర్మినలులో మీటల వరుస - పాఠశుద్ధి

చేతిఫోను కీబోర్డు సందేశములు వ్రాయువారికొఱకు ఏర్పడినది. టెర్మినలు నడపువారికి కావలసిన ఎస్కేపు, కంట్రోలు, ట్యాబు, బాణపు మీటలు అందు సాధారణముగా కానరావు. ఆ కొఱత తీర్చుటకే ఆండ్రాయిడుపై నడచు టర్మక్స్ అను టెర్మినలు, తెఱ యడుగున రెండు వరుసలుగా పదునాలుగు మీటలను చూపుచున్నది. వానిని ఎవరి పనికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారు ఈ సౌకర్యమును బాగుగా వాడుకొనుచున్నారు. ప్రాచీనగ్రంథముల పాఠములను ఫోనులోనే ఎక్కించి, వెదకి, పోల్చు భాషాపరిశోధకులు మాత్రము దీనిని తమకు పట్టని యంత్రవిషయముగా విడిచిపెట్టుట తగదు.

ఏలనన, వ్రేలికి అందని యక్షరము పాఠమునుండి జాఱిపోవును. కొన్ని తెలుగు కీబోర్డులలో శకటరేఫము రేఫము క్రింద దాగియుండును, నొక్కిపట్టినగాని బయటపడదు. అరసున్న కొఱకు మఱియొక పుట తెఱవవలసివచ్చును. నూఱు పద్యములు ఎక్కించు విద్యార్థి మొదటి పది పద్యములలో ఓపిక వహించును. తరువాత వాని ప్రమేయము లేకయే ఱ ర యగును, ఏఁడు ఏడగును. సంవత్సరము సంఖ్యగా మాఱును. జీర్ణమగుటను తెలుపు అఱుగు, పోవుటను తెలుపు అరుగుతో కలిసిపోవును. నది యను నర్థముగల ఏఱు, ఎన్నుకొను ఏరులో మునుగును.

ఇందు ఛందస్సు కూడ కాపాడదు. నిండుసున్న తప్పిపోయిన చోట గురువు లఘువై గణము చెడుటచే దోషము తఱచుగా పట్టుబడును. అరసున్నకు మాత్ర లేదు గనుక, అది పోయినను గణములు సరిగానే నడచును. ర, ఱల యతిప్రాసలను గూర్చి లాక్షణికులు చేసిన చర్చను పరిశీలింపగోరువాడు ఇట్టి పాఠములో వెదకినచో, వానికి ఱ దొరకదు. కవి వాడలేదని వాడు నిర్ణయించును. వాడనిది కవి కాదు, టైపు చేసినవాడు! పట్టికలు పెట్టి తరువాత దిద్దుకొనవచ్చునను వాదమొకటి కలదు. అరుగు, అఱుగు అను రెండును సరియైన మాటలే యైనప్పుడు ఏ పట్టిక ఏది చెప్పగలదు? మరల మూలప్రతిని చూడవలసినదే.

యూనికోడులో అరసున్నకును శకటరేఫమునకును మొదటినుండి స్థానమున్నది. దంత్య చ, జలకు 2008లోను, నకారపొల్లునకు 2021లోను స్థానము కలిగినది. కొదువ మీటలదే.

టర్మక్స్‌లో దాని యమరికల ఫైలునందు ‘ఎక్‌స్ట్రా కీస్’ అను పంక్తి కలదు. అందు మీటల పేర్లను వరుసగా వ్రాయుదురు. ఎస్కేపు వంటి తెలిసిన పేరైన ఆ మీట యగును. కాక ఏ యక్షరము వ్రాసినను నొక్కినపుడు ఆ యక్షరమే వెలువడును. కావున ఱ యని వ్రాసిన ఱ మీట సిద్ధము. ఒక్కొక్క మీటకు, పైకి త్రోసినపుడు వచ్చు రెండవ యక్షరమును కూడ చేర్చవచ్చును. మీటపై కనిపించు గుర్తును వేఱుగా నిర్ణయింపవచ్చును. ఇది పరిశోధకునికి మిక్కిలి యుపకరించు గుణము. పార్క్‌లో అను మాటలో క, లలు కలిసి సంయుక్తాక్షరము గాకుండ నిలుపు సంధినిరోధక చిహ్నము కంటికి కానరాదు. అది యున్న మాటయు లేని మాటయు యథాతథముగ వెదకువానికి రెండు వేర్వేఱు మాటలు. దానికి ‘విడి’ యని పేరుపెట్టి ఒక మీట నిచ్చినచో, వ్రాయువాడు తెలిసి వాడును. ఫైలులో ఒక కుండలీకరణము తప్పినను కార్యక్రమము ఆ పంక్తిని త్రోసిపుచ్చి పాత వరుసనే చూపును, బెదరనక్కఱలేదు.

మీటలను పెంచుకొనుచు పోవుట మేలుగాదు. మూడవ వరుస చేర్చినకొలది పాఠమునకు చోటు తగ్గును. పాఠము ఎక్కించువానికి ఆల్టు, హోము, ఎండు మీటలతో పని తక్కువ. వాని స్థానములలో అరసున్న, ఱ, సంధినిరోధకములను ఉంచి, ఎస్కేపు, కంట్రోలు, బాణములను కదల్పకుండుట మంచిది. నకారపొల్లును నకారమీటకు పైత్రోపుగా ఉంచవచ్చును; ఐతే ఫోనులోని ఫాంటు దానిని చూపునో లేదో ముందు చూచుకొనవలెను.

బ్లూటూతు కీబోర్డు కొనినచో ఈ శ్రమ యెందులకని కొందఱందురు. బల్లయు తీరికయు నున్నవారికి అది సరియే. గ్రంథాలయపు మూల నిలువబడి తాళపత్రమును చూచుచు ఒక చేత ఫోను పట్టినవానికి అది యక్కఱకు రాదు.

శాఖలు పాఠమును భద్రపఱచునపుడు ఏ ప్రతినుండి, ఎవరు, ఎప్పుడు ఎక్కించిరో వ్రాయుచున్నవి. ఏ మీటలతో ఎక్కించిరో కూడ వ్రాయవలెను. ఆ యొక్క పంక్తిని పాఠపు ఫైలు ప్రక్కన చేర్చిన చాలును. అందు ఱ లేదని చూచిన పాఠకుడు ఆ ప్రతిలోని రేఫములను నమ్ముటకు ముందు మూలమును తెఱచును.