ఈ వేసవిలో పుస్తకాన్ని పిల్లలే ఎంచుకోవాలి!

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల, చుట్టుపక్కల పల్లెల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పుస్తకాన్ని ప్రేమించేవారందరికీ విజ్ఞప్తి



ఏప్రిల్ నాలుగో వారంలో బడికి తాళం పడితే మళ్లీ తీసేది జూన్ రెండో వారంలోనే. దాదాపు ఏడు వారాలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఈ ఏడు వారాలూ ఎలా గడుపుతున్నారో మనందరికీ తెలుసు. వడగాలికి భయపడి బయటికి పంపం. ఇంట్లో కూర్చున్నవాడి చేతికి ఫోనిస్తాం. కాస్త స్తోమత ఉన్న ఇళ్లలో ఫౌండేషన్ అనీ, బ్రిడ్జి కోర్సు అనీ పై తరగతి లెక్కలు మే నెలలోనే మొదలుపెట్టిస్తాం. కూలికి పోయే ఇళ్లలో పిల్లలు చెల్లినో తమ్ముణ్ణో చూసుకుంటూ పొద్దుగూకేదాకా ఒంటరిగా ఉంటారు. ఈ పిల్లలెవరి చేతిలోనూ తనకు నచ్చి తీసుకున్న కథల పుస్తకం లేదు.

మేం అడుగుతున్నది ఒక్కటే. ఈ సెలవుల్లో ప్రతి బిడ్డ ముందూ ఓ పది పుస్తకాలు పరవండి. అందులో ఏది చదవాలో ఆ బిడ్డనే తేల్చుకోనివ్వండి.

ఈ మూడు తరగతుల గురించే ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నామంటే, ఐదో తరగతికి అక్షరాలు, గుణింతాలు, కూడబలుక్కోవడం అయిపోతాయి. తొమ్మిదిలో అడుగుపెట్టగానే పదో తరగతి పరీక్షల బెదురు మొదలవుతుంది. చదవడం అలవాటుగా మారాలంటే మధ్యలో ఉన్నవి ఈ మూడేళ్లే. పైగా మన పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వస్తున్నాయి. అయినా చాలామందికి ఇంగ్లీషు పేజీ పైకి చదవడం వచ్చు కానీ భావం అందదు. తెలుగు చెబితే భావం అందుతుంది కానీ పేజీ చదవబోతే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. ట్యూషన్ పెట్టించినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. ఇష్టంగా చదివిన వందల పేజీలే దీన్ని తీర్చగలవు.

పిల్లల కథలు మన ఊళ్లకు కొత్త సంగతి కూడా కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ను నాగిరెడ్డి గారితో కలిసి నెలకొల్పిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికలో కథల భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో తెనాలిలోనే పుట్టారు. దేశంలో ఎన్నో భాషల పిల్లలు చదివిన కథలకు పునాది వేసింది మన గడ్డ మీది మనుషులు. ‘చందమామ’ ఆగిపోయి పదేళ్లు దాటింది. తెనాలి పిల్లవాడికి ఈ సంగతి తెలియకపోతే తప్పు వాడిది కాదు, చెప్పని మనది.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన తెనాలి వచ్చేనాటికి సరిగ్గా మన ఏడో తరగతి పిల్లల వయసువాడు. పేరు నటరాజన్. పుదుక్కోట నుంచి 1937లో తెనాలి చేరాడు. తల్లిభాష తమిళం, తెలుగు అక్షరం రాదు. హోటళ్లలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు, దొరికిన పుస్తకమల్లా చదివాడు. ఆ అబ్బాయే తర్వాత ‘శారద’ అనే కలం పేరుతో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలు రాసిన రచయిత. 1955లో, ముప్ఫై ఏళ్లు దాటీ దాటకుండానే చనిపోయాడు. ఆ పిల్లవాడికి ఏ బడీ పుస్తకాల జాబితా ఇవ్వలేదు. చదవాలన్న కోరిక, పుస్తకం దొరికే ఊరు, ఈ రెండే ఉన్నాయి. కోరిక ఈనాటి పిల్లల్లోనూ ఉంది. పుస్తకం దొరికేలా చూడాల్సింది మనం.

మరి ఏ పుస్తకాలు? పది పుస్తకాల్లో అన్నీ ఒకే రకానివి ఉంటే ఎంచుకోమనడంలో అర్థం లేదు. నవ్వించేది ఒకటి, భయపెట్టేది ఒకటి, సైన్సుది ఒకటి, మన చుట్టూ ఉన్న బతుకుది ఒకటి, దూరదేశానిది ఒకటి ఉండాలి. మా ఎరుకలో ఉన్నవి కొన్ని చెబుతాం.

ఆరో తరగతి పిల్లలకు దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ నవలలు పెట్టి చూడండి. ‘తోకచుక్క’, ‘మకర దేవత’, ‘పాతాళదుర్గం’, ‘రాకాసి లోయ’. ఇవన్నీ ‘చందమామ’లో పేరు లేకుండా అచ్చయినవి. ఆయనా మన గుంటూరు జిల్లా పల్లెలో పుట్టినవారే. మాంత్రికులు, ఉగ్రాక్షులు, కొండగుహలు, ఒక్కో అధ్యాయం చివర ఏమవుతుందోనన్న ఉత్కంఠ. మూఢనమ్మకాలు పెంచుతాయేమోనని కొందరు సందేహిస్తారు. మా అభిప్రాయం వేరు. మాంత్రికుడు కథలోవాడని పదకొండేళ్ల బిడ్డకు బాగా తెలుసు. ఆ బిడ్డకు కావలసింది పేజీ తిప్పించే కథ. పేజీలు తిరిగితేనే చదివే వేగం వస్తుంది.

ముళ్లపూడి వెంకటరమణ గారు రాసి బాపు గారు బొమ్మలేసిన ‘బుడుగు’ ఏ వయసువాళ్లయినా చదవొచ్చు. ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటే ఇంకా బాగుంటుంది, అది మాటలతో నడిచే పుస్తకం కనుక. ఎనిమిదో తరగతివాళ్లకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం ఇవ్వండి. మొగల్తూరు నుంచి బయల్దేరిన కుర్రాడు రైలూ, ఓడా ఎక్కి ఇంగ్లండు చేరేదాకా పడ్డ పాట్లకు నవ్వనివాళ్లుండరు. వందేళ్ల నాటి మాటలు కొన్ని కొరుకుడు పడవు, అక్కడ తాతయ్యో అమ్మమ్మో సాయపడాలి.

జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. పాత రైలుపెట్టెలే తరగతి గదులైన టోక్యో బడి అది. కొబయాషి అనే మాస్టారు నడిపేవారు. ఆ బడి 1945లో బాంబుదాడిలో కాలిపోయింది. రైలుకూత వింటూ పెరిగే తెనాలి జంక్షన్ పిల్లలు ఈ పుస్తకాన్ని వదలరని మా నమ్మకం. బడి అంటే బెదిరే పిల్లకు ముందుగా ఇదే ఇవ్వండి. చదివాక టీచర్లు కూడా తీసుకుని చదవండి.

బాపట్ల నుంచి మద్రాసు వైపు వెళ్లే లైన్లో కావలి ఉంది. అక్కడి ముస్లిం కుటుంబంలో పెరిగిన పిల్లవాడి ముచ్చట్లు మహమ్మద్ ఖదీర్‌బాబు గారి ‘దర్గామిట్ట కతలు’. మన పక్కింటి పండగ, పక్కింటి వంట, పక్కింటి పేదరికం ఎలా ఉంటాయో పిల్లలు నవ్వుతూ తెలుసుకుంటారు. సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’లో నూరు కథలున్నాయి, అన్నీ ఒక్కసారి చదవనక్కర్లేదు. రేపల్లె దగ్గర సముద్రంలో కలవబోయే కృష్ణ అమరావతి దగ్గర ఎలా ఉంటుందో ఎనిమిదో తరగతి బిడ్డ ఆ కథల్లో చూస్తుంది. ఇవి రెండూ పెద్దవాళ్లు ముందు చదివి, తమ పిల్లల వయసుకు తగ్గ కథలు గుర్తుపెట్టి ఇస్తే మంచిది.

కథలంటే మొహం తిప్పుకునే పిల్లలూ ఉంటారు. వాళ్లను నిందించకండి, సైన్సు వైపు తీసుకెళ్లండి. మహీధర నళినీమోహన్ గారి ‘పిడుగుదేవర కథ’, ‘గ్రహణాల కథ’ కబుర్లు చెప్పినట్టే సాగుతాయి. కుటుంబరావు గారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు రాసిన ‘విశ్వాంతరాళం’ ఎనిమిది దాటబోయే చురుకైన పిల్లలకు సరిపోతుంది. మే నెల సాయంత్రం ఈదురుగాలితో పిడుగులు పడే మన ప్రాంతంలో పిడుగు అంటే ఏమిటో తెలిసిన పిల్ల చెట్టు కింద నిలబడదు.

బొమ్మల పుస్తకాలనూ తక్కువ చేయకండి. హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ వారు పాత సోవియట్ పిల్లల కథల తెలుగు అనువాదాలను మళ్లీ అచ్చు వేస్తున్నారు. నేషనల్ బుక్ ట్రస్టు ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ పేరుతో తెలుగులో ఎన్నో తెచ్చింది. వీటిలో చాలావాటి ధర వంద రూపాయల లోపే. తెలుగు కూడబలుక్కునే స్థాయిలోనే ఉన్న ఏడో తరగతి పిల్లవాడికి వీటితోనే మొదలుపెట్టాలి. అందులో నామోషీ ఏమీ లేదు, వాడిని నామోషీ పడనివ్వకండి కూడా. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలకు ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఇవ్వండి.

క్విజ్ పుస్తకాలు, జనరల్ నాలెడ్జి బిట్లు, ఒలింపియాడ్ గైడ్లు మాత్రం ఈ పది పుస్తకాల్లో కలపకండి. అవి పరీక్షల సామగ్రి. వాటికి మిగతా పది నెలలున్నాయి.

ఎంచుకోవడం ఎలాగో పిల్లలకు చూపించండి. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి చదవమనండి. ఆ పేజీలో అర్థంకాని మాటలు నాలుగైదుకు మించి ఉంటే దాన్ని వచ్చే వేసవికి దాచమనండి. ఇరవై పేజీలు చదివినా రుచించకపోతే వదిలేసే హక్కు బిడ్డకు ఇవ్వండి. ‘డబ్బు పోసి కొన్నాం, పూర్తిచెయ్యి’ అనే మాట ఒక్కటే చాలు, బిడ్డ మళ్లీ పుస్తకం జోలికి పోకుండా ఉండటానికి. చదివిన వెంటనే నీతి ఏమిటని అడగకండి. సారాంశం రాయమని నోటుబుక్కు చేతికివ్వకండి. ‘ఎక్కడిదాకా వచ్చావు, తర్వాతేమైంది?’ అని అన్నం దగ్గర అడగండి. అది చాలు.

పుస్తకాలు కొనే శక్తి లేదనుకునేవారికి ఒక మాట. మీరు ఇప్పటికే డబ్బు కట్టేశారు. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. ప్రతి రూపాయి పన్నుకూ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆ సొమ్ముతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి శాఖలు నడవాలి. కాబట్టి లైబ్రరీ మెట్లెక్కేటప్పుడు మొహమాటం వద్దు, అది మన ఇల్లే. కొద్దిపాటి డిపాజిట్టు కట్టి బిడ్డ పేరున సభ్యత్వం తీసుకోండి. సాధారణంగా శుక్రవారం సెలవు, తెరిచే వేళలు బోర్డు మీద ఉంటాయి. వేసవి విజ్ఞాన శిబిరాలు కూడా అక్కడే జరుగుతాయి, ఎప్పుడు మొదలవుతాయో కనుక్కోండి. పిల్లల పుస్తకాలు చాలకపోతే ‘మా పిల్లలకు ఫలానా పుస్తకాలు తెప్పించండి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థకు చేరుతోందా అని మీ సర్పంచినీ, కౌన్సిలర్నీ అడగండి. అడిగే హక్కు పన్ను కట్టిన ప్రతివారికీ ఉంది.

బాపట్ల జిల్లావాళ్లకు ఇంకో భాగ్యం కూడా ఉంది. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఒక పల్లెటూరి జనం తమ పూనికతో నిలబెట్టుకున్న లైబ్రరీ అది. బాపట్లలో పాసింజరు ఎక్కితే చీరాల దాటగానే వేటపాలెం. పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. తెనాలి–రేపల్లె రైల్లో వెళ్లే పిల్లలకు భట్టిప్రోలు స్టేషన్ రాగానే చెప్పండి, 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వితీసిన ధాతుపేటికల మీది అక్షరాలు రెండువేల ఏళ్లకు పైబడినవని. మన నేల మీద అక్షరం అంత పాతది.

నిజాంపట్నం, సూర్యలంక తీరాల మత్స్యకార సోదరులారా! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పిల్లల సెలవులూ ఆ రోజుల్లోనే. ఏడాదంతా అర్ధరాత్రీ తెల్లవారుజామూ లేకుండా పడవ మీద ఉండే తండ్రి ఇంటిపట్టున ఉండే కాలం ఇది. వలలు బాగుచేసుకుంటూనే బిడ్డ చేత ఒక కథ చదివించుకు వినండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. వినే మనిషి ఉంటే చదివే బిడ్డకు హుషారు వస్తుంది. ఉపాధి పనికి వెళ్లొచ్చే తల్లులకూ ఇదే మా మనవి. రాత్రి పడుకునేముందు కాసేపు చాలు.

ఉపాధ్యాయ మిత్రులారా! 2020లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలైనప్పుడు మీలో ఎందరో ఉత్సాహంగా పనిచేశారు. బడి లైబ్రరీ పుస్తకాలు సెలవుల్లో బీరువాలో ఉండిపోకూడదు. చివరి పనిదినానికి ముందే ఒక్కో బిడ్డకు రెండేసి పుస్తకాలు పేరు రాసుకుని ఇచ్చి పంపండి. కొన్ని చిరుగుతాయి, కొన్ని తిరిగి రావు. ఆ నష్టానికి మిమ్మల్ని బాధ్యుల్ని చేయవద్దని అధికారులను కోరుతున్నాం. చదివి చిరిగిన పుస్తకం నష్టం కింద రాయకూడదు.

వీధివీధికీ ఒక ఇల్లు ముందుకు రావాలి. ఆ ఇంటి అరుగు మీద, అపార్టుమెంటు అయితే కింద వాచ్‌మన్ గది పక్కన, గుడి మండపంలో, చర్చి ఆవరణలో, మసీదు వీధిలో, ఎక్కడ నీడ ఉంటే అక్కడ ఒక అట్టపెట్టె పెట్టండి. మీ ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యాక అటక మీద పడి ఉన్న పాత ‘చందమామ’లు, ‘బాలమిత్ర’లు, కథల పుస్తకాలు అందులో వేయండి. ఆదివారం సాయంత్రం పిల్లలు వచ్చి మార్చుకుంటారు. పెట్టె బాధ్యత ఒక ఎనిమిదో తరగతి అమ్మాయికి అప్పగించండి, లెక్క తప్పదు. ఈసారి పుట్టినరోజుకు వెళ్తే బిడ్డకు బొమ్మ కారు బదులు రెండు పుస్తకాలు పట్టుకెళ్లండి.

ఈ కరపత్రం చదివి పక్కింటివారికి ఇవ్వండి. ఈ ఆదివారమే మీ బిడ్డ చెయ్యి పట్టుకుని మీ ఊరి లైబ్రరీకి వెళ్లి సభ్యత్వం రాయించండి, ఇంటికి వచ్చేటప్పుడు బిడ్డ ఎంచుకున్న పుస్తకంతో రండి.

ఇట్లు
తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పాఠకులు