తాతగారి కాగితం, తరగతి గది

సిద్దిపేటలో ఉన్నత పాఠశాల పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా గణితం, విజ్ఞానశాస్త్రం మార్కులనే విచారిస్తారు. సాంఘిక శాస్త్రం వారి దృష్టిలో కంఠస్థం చేసి గట్టెక్కవలసిన సబ్జెక్టు మాత్రమే. దీనితో మేము ఏకీభవించలేము.

1945లో ఇక్కడ జన్మించిన తాతగారు ఇల్లు మారకుండానే హైదరాబాద్ సంస్థానాన్ని, ఆంధ్రప్రదేశ్‌ను, తెలంగాణను చూశారు. 2016 అక్టోబరు 11న ఆయన జిల్లా కూడా మారింది. మెదక్ పోయి సిద్దిపేట వచ్చింది. పాఠంలోని 1948, 1956, 2014 ఆ ఇంటి సంవత్సరాలే. నిజాం పాలన ఉర్దూలో సాగినందువల్ల పాత భూమి కాగితాలు ఆ లిపిలోనే ఉన్నాయి, ముస్లిమేతరుల పెట్టెల్లో కూడా. తహసీలు, పహాణీ అని రైతు నేటికీ పలికే మాటలు అక్కడివే. తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదివే పిల్లలకు, మన ఇళ్లలోనూ, ఆ లిపి రాదు. చదవగల పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.

అటువంటి కాగితం నకలొకటి తరగతికి తెమ్మని, తాతగారి చేత చదివించి తెలుగులో రాసుకు రమ్మని ఉపాధ్యాయుడు చెబితే చరిత్ర ఇంటికి వస్తుంది. కాని పరీక్షలు సమీపించగానే ఆ పీరియడు గణితానికి పోతుంది. దానిని వదులుకోవద్దని తదుపరి తల్లిదండ్రుల సమావేశంలో అడగవలసిందిగా పాఠక సోదర సోదరీమణులను కోరుతున్నాము. తాతగారిని మాత్రం ఈ సెలవులకే కూర్చోబెట్టండి.