పచ్చికబయలు – పిచ్చితుమ్మ

పచ్చనిదెల్ల పసులకు మేత గాదు. ఆకాశమునుండి నేలను చూచి పటములు వ్రాయు నేటి విజ్ఞానమునకు ఈ సామాన్యవిషయమే పెద్దపరీక్షగా నున్నది.

కచ్ఛదేశమున బన్నీ యను పచ్చికబయలు కలదు. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల యీ బయలు మాల్‌ధారీలను పశుపాలకులకు తరతరములుగా జీవనాధారము. రాన్ ఉప్పునేల ముందునకు రాకుండ నాపుటకై 1961వ సంవత్సరప్రాంతమున ప్రభుత్వమువారు అమెరికాఖండపు ముండ్లచెట్టు నొకదానిని అచ్చట నాటించిరి. తెలుగు జిల్లాలలో సర్కారుతుమ్మ యనునది యిదియే. పశువులు దాని తీయని కాయలను మేసి, విత్తులను పేడతో బయలంతట వెదజల్లినవి. గడ్డి తరిగినది, పొదలు పెరిగినవి. అచ్చటివారు దానికి గాండో బావళ్, అనగా పిచ్చితుమ్మ యని పేరిడిరి.

ఈ వ్యాప్తిని కొలుచుటకు ఉపగ్రహచిత్రములు మిక్కిలి యుపకరించును. పచ్చనియాకు ఎఱ్ఱని వెలుగును పీల్చుకొని, కంటికి గానరాని పరారుణకాంతిని అధికముగ మరలించును. వానకారున గడ్డియు చెట్టును ఇంచుమించుగ నొకేతీరున గానవచ్చును. వానలు వెడలినపిదప గడ్డి యెండును. లోతైన వేళ్లుగల పిచ్చితుమ్మ పచ్చగనే నిలుచును. కావున రెండు ఋతువుల చిత్రములను సరిపోల్చినచో భేదము తెలియును. 1972 మొదలు లాండ్‌శాట్ చిత్రములు గలవు. 2015లో మొదటిది పైకెగసిన సెంటినెల్-2 ఉపగ్రహములు 10 మీటర్ల పొడవు, వెడల్పుగల నేలను ఒక్క చుక్కగ చూపుచున్నవి. అయినను దేశవాళి పీలుచెట్టును వేసవిలో పచ్చగనే యుండును. ఒక్క చుక్కలో పెక్కుజాతులు కలిసియుండును. నేలపై సరిచూడనిదే నిర్ణయము పూర్తి గాదు.

ఇందలి ప్రమాదమేమి? మన దేశపు అటవీ సర్వేలో, ఒక హెక్టారునకు తక్కువగాక, నూటికి 10 పాళ్లయినను చెట్లకొమ్మలు కప్పిన భూమి యెల్ల జాతిభేదము లేకయే అటవీ ఆచ్ఛాదనముగా లెక్కింపబడుచున్నది. మేత నశించినచోట అడవి పెరిగెనని లెక్క తేలుట యెంత విడ్డూరము! పశుపాలకుని నష్టము పటమున దేశలాభముగ నగుపడుచున్నది.

చెట్టుజాతిని తెలుపని పచ్చరంగును పరిపాలనకు ప్రమాణముగ గొనరాదని మా యభిప్రాయము. పటము వ్రాయువారు మాల్‌ధారీలను వెంటగొని గుర్తులను నేలపై పోల్చవలెను. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము సముదాయములకు తమ వనరులను రక్షించుకొను అధికార మొసగినది. పిచ్చితుమ్మను బొగ్గుగ గాల్చి బ్రతుకు కుటుంబములును గలవు. కావున దాని నెచ్చట పెరికివేయవలెనో, ఎచ్చట నుంచవలెనో నిర్ణయించునపుడు, పటముతోపాటు ఆ నేలపై బ్రతుకువారి మాటకును ప్రామాణ్య ముండితీరవలెను.