జవాబు వెనక వైపున

‘రూమర్స్’ వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. బ్రిటిష్, అమెరికన్ కళాకారులు కలిసిన ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం 1977లో తెచ్చిన రాక్ ఆల్బమ్ అది. బృందంలో అయిదుగురు. అందులో రెండు జంటలు విడిపోతూ రికార్డు చేసిన పాటలివి. అయితే ఎవరి బాధకు ఎంత చోటు దొరికిందని ఎవరూ అడగరేం?

తనను వదిలి వెళ్లిన స్టీవీ నిక్స్ మీద లిండ్సే బకింగ్‌హామ్ ‘గో యువర్ ఓన్ వే’ రాశాడు. ఆమె మగవాళ్లతో తిరగాలనుకుంటోందన్న నింద అందులో ఉంది. అది అబద్ధమనీ, ఆ మాట తీసెయ్యమనీ ఆమె అడిగింది. తియ్యలేదు. పైగా ఆ పాటకు వంత పాడాల్సిందీ ఆమే!

ఆమె వైపు మాట ‘సిల్వర్ స్ప్రింగ్స్’. నిడివి ఎక్కువైందట, ఎల్పీలో చోటు చాలదట! దాన్ని తీసేసి, ఆమెదే మరో పాటను ఆమెకు చెప్పకుండా రికార్డు చేసి పెట్టారు. తీసేసిన పాట ఎక్కడ తేలిందంటే, ఆ నింద పాట చిన్న రికార్డుకు వెనక వైపున.

జాన్ మెక్‌వీ కూడా, భార్య క్రిస్టీన్ తన కొత్త ప్రియుడి మీద రాసిన పాటకు బేస్ గిటార్ వాయించలేదా అంటారు. వాయించాడు, పాపం. కానీ ఆ పాట అతని శీలాన్ని బజారుకీడ్చలేదే!

1997లో ‘ద డాన్స్’ కచేరీలో స్టీవీ ‘సిల్వర్ స్ప్రింగ్స్’ పాడింది, బకింగ్‌హామ్ వైపు తిరిగి, అతని కళ్లలోకి చూస్తూ. ఈసారి గొంతు కలపాల్సి వచ్చింది అతనికి.