నదివెంట నడక

కేదారనాథమునకు పోవు యాత్రికులలో పెక్కుమంది ఆలయదర్శనము చేసికొని వెనుదిరుగుదురు. ఆలయమునకు ఎగువన మూడు, నాలుగు కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు సుమారు 3,900 మీటర్ల ఎత్తున చోరాబారీ సరస్సు ఉండెడిది. 1948లో మహాత్మాగాంధీ చితాభస్మములో కొంత అందు కలుపబడినందున దానికి గాంధీసరోవరమనియు పేరు వచ్చెను. మందాకినీ నది వెంబడి నడచి, సరస్సును చూచి, ఒక పగటిలో తిరిగి రాదగిన త్రోవ అది. ఎగుడు కొంత ఆయాసము కలిగించినను, ఆరోగ్యవంతులకు అసాధ్యము కాదు.

హెలికాప్టరులో కొన్ని నిమిషములకే కొండ నెక్కగల ఈ కాలమున నడకయేల అని కొందరందురు. వృద్ధులకు, రోగులకు వాహన మవసరమే. కాని నడక కేవలము గమ్యమును చేరుటకు మాత్రమే కాదు, త్రోవను తెలిసికొనుటకును. ఆ తెలివి ఎంత అవసరమో ఆ సరస్సు కథయే చెప్పును.

తెలుగునాట చెరువునకు గట్టు, తూము, అలుగు ఉండును. నీరు మితిమీరినపుడు అలుగు పారి గట్టును కాపాడును. చోరాబారీ గట్టు మనుష్యులు కట్టినది కాదు. మంచునది మోసికొని వచ్చి విడిచిన రాళ్లు, ఇసుక, మట్టియే దానికి గట్టు. దానికి అలుగు లేదు. 2013 జూన్ 16, 17 తేదీలలో కుండపోతగా వర్షము కురిసెను. కరగిన మంచునీరును దానితో కూడెను. 17వ తేదీ ఉదయమున గట్టు తెగి, సరస్సు కొద్ది నిమిషములలో ఖాళీ అయ్యెను. ఆ నీరు బండలను దొర్లించుకొని కేదారనాథముపై పడెను. వెనుక నొక పెద్ద బండ అడ్డు నిలువగా ఆలయము దక్కెను. దిగువనున్న రాంబాడా తుడిచిపెట్టుకొని పోయెను. ఆ వరదలలో ఉత్తరాఖండమున వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి.

వానను ఆపుట మానవుని వశము కాదు. ఏటి యొడ్డుననే వసతిగృహములు, అంగళ్లు కట్టుట మాత్రము మానవుని పనియే. ఏటి దారిలో ఇల్లు కట్టి, ఏరు ఇంటిలోనికి వచ్చినదని నిందించుట న్యాయమగునా? నేడు పాయ సన్నముగా పారుచుండవచ్చును. కాని ఒడ్డున దూరము వరకు పరచుకొన్న నున్నని రాళ్లు, ఒకప్పుడు నీరు అంతవరకు వచ్చినదని సాక్ష్యమిచ్చును. ఆకాశమార్గమున పోవువానికి ఆ సాక్ష్యము వినబడదు. నదివెంట నడచువానికి అడుగడుగున వినబడును.

హిమాలయములను చూచు భాగ్యము అందరికిని కలుగదు. ఊరివాగు మాత్రము ఇంచుమించు అందరికిని సమీపముననే ఉండును. వానలు వెలిసిన పిదప, ఒక సెలవుదినమున, విద్యార్థులు ఉపాధ్యాయునితో కూడి వాగువెంట ఎగువ చెరువు వరకు నడచి రావలెను. చెట్లకొమ్మలకు చిక్కిన చెత్తను చూచి వరద ఎంత ఎత్తున పారినదో గుర్తింపవలెను. అలుగునీరు పోవు కాలువ తెరపిగా ఉన్నదో, పూడిపోయినదో పరిశీలింపవలెను. నేటి విద్యార్థులే రేపు ఇండ్లు కట్టువారు, బాటలు వేయువారు. ఏటికి ఎంత చోటు విడువవలెనో స్వయముగా నడచి తెలిసికొన్నవారు, ఆ చోటును ఆక్రమింపరు, ఇతరులను ఆక్రమింపనీయరు.