గ్లాసులో రంగు, రక్తంలో చక్కెర

రాయలసీమ మూలికల అంగళ్లలో వేళ్లు, చెక్కలు, ఎండు కాయల మధ్య ఒక కొయ్య గ్లాసు కనబడుతుంది. వేగిస కొయ్యను తొలిచి చేసింది. "రాత్రి నీళ్లు పోసి పెట్టండి సామీ, తెల్లారి పరగడుపున తాగితే షుగరు దిగిపోతాది" అంటాడు అమ్మేవాడు. నమ్మకం కుదరడానికి అక్కడే నీళ్లు పోసి చూపిస్తాడు. కాసేపటికి నీళ్లు తేనెరంగుకు తిరుగుతాయి, ఎండకు పట్టి చూస్తే అంచున నీలిజీర మెరుస్తుంది. కొనేవాడికి మందు పనిచేస్తోందనడానికి అదే రుజువు.

నిజానికి కొయ్యలోని రంగు పదార్థాలు నీళ్లలో కరిగాయి, అంతే. టీ ఆకు వేసినా నీళ్ల రంగు మారుతుంది. మారాల్సింది గ్లాసులో రంగు కాదు, రక్తంలో చక్కెర. పైగా వాడేకొద్దీ గ్లాసులో రంగు పలచబడుతుంది. మొదటి వారం తాగిన నీళ్లూ మూడో నెల తాగిన నీళ్లూ ఒకటి కావు. మోతాదు తెలియని దాన్ని మందు అనలేం.

అలాగని ఆకులు, బెరళ్లు అన్నీ వట్టివేనని కొట్టిపారేయడమూ హేతువాదం కాదు. రాయలసీమలో మధుమేహానికి వాడే నాటుమందుల వివరాలను నాగరాజు, కె.ఎన్.రావు 1989లోనే సేకరించి ప్రచురించారు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ బయోకెమిస్ట్రీ శాస్త్రవేత్తలు 1999లో కాసరకాయ పొడిని, 2001లో ఎర్రచందనం బెరడు సారాన్ని పరీక్షిస్తే మధుమేహం తెప్పించిన జంతువుల్లో చక్కెర తగ్గింది. మన చేలగట్ల మీది కాసరకాయ, మన శేషాచలం చెట్టు పరిశోధనశాల దాకా వెళ్లడం గర్వించాల్సిన విషయమే. కానీ ఆ ఫలితం ఎలుకలది. మనుషుల్లో ఎంత మోతాదు, ఎన్నాళ్లు, కాలేయానికీ కిడ్నీలకీ ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు.

వేగిసను మనుషుల్లోనూ చూశారు. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహం కొత్తగా బయటపడిన 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. వాళ్లు తాగింది గ్లాసు నీళ్లు కాదు, రోజుకు 2 నుంచి 4 గ్రాముల సారం తీసుకున్నారు. పోల్చి చూడడానికి మందు లేని రోగుల బృందమూ లేదు.

మెంతులదీ ఇదే కథ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో టైప్ 1 రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండి ఇచ్చి మంచి ఫలితం చూపింది. ఎంత ఇచ్చారు? రోజుకు 100 గ్రాములు! మనం నానబెట్టుకునేది ఒక చెంచా.

రాగి సంకటి సంగతి చిత్తూరు పల్లెల్లో ఎత్తితే కొట్లాటే. "ముద్ద తినేవాడికి షుగరేంది?" అంటారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం ఉంది, తెల్లబియ్యంలో 78. రాగుల్లో పీచు 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. రాగే మేలు, సందేహం లేదు. అయితే సంకటిలో ముందు ఉడికేది బియ్యమో నూకలో. పిడికెడంత ముద్ద తినడమూ, పళ్లెం నిండా తినడమూ ఒకటి కాదు. తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి గ్లూకోమీటరులో చూసుకుంటే ఎవరి ఒంటికి ఎంత ముద్ద సరిపోతుందో తేలిపోతుంది.

చక్కెర తగ్గుతుందని కాకరరసం తాగినందువల్ల వచ్చే నష్టం కొంతే. ఆ ధైర్యంతో మాత్రలు మానేయడం వల్ల వచ్చేది చాలా పెద్దది. టైప్ 1 ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్లలో చక్కెర ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కళ్లను, కిడ్నీలను, పాదాల నరాలను తినేస్తుంది. చేదు తీపిని విరుస్తుందన్నది నాలుకకు తెలిసిన లెక్క, రక్తానికి ఆ లెక్క పట్టదు.

"ఇంగ్లీషు మాత్ర ఎందుకు, చెట్టుమందు ఉండగా" అని పక్కన పడేసే మెట్‌ఫార్మిన్‌కు మూలం కూడా ఒక మొక్కే. యూరప్ నాటువైద్యంలో వాడిన గలెగా అనే ఆ మొక్కలో చక్కెర తగ్గించే గుణాన్నీ, విషాన్నీ శాస్త్రవేత్తలు గుర్తించారు. దానిలోని పదార్థానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలను 1957లో స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు వెల్లడించాడు. ఆ మాత్రనే ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా ఇస్తున్నారు.