గుండె మీది సంచి

సంచికలో సంచి గురించి రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని, మీ ఇంట్లో కొక్కేనికి వేలాడుతున్న ఆ ఛాతీ సంచిని ఒక్కసారి వాసన చూసి, ఆ తరువాత నవ్వండి. మన నాన్నలకు లాల్చీ జేబు చాలింది. తాతలు రొంటిన దోపుకున్న చిన్న సంచితో వెళ్ళదీశారు. మనకేమో రెసిడెంట్ కార్డు, బ్యాంకు కార్డులు, ఫోను, కారు తాళాలు, మందులు. ఇన్నీ మొయ్యడానికే భుజం మీంచి జందెంలా అడ్డంగా వేసుకుని గుండెకు ఆనించుకునే ఈ సంచి వచ్చింది. చొక్కాను రోజూ ఉతికే మనం, ఆ చొక్కాను అంటుకునే ఉండే సంచిని ఏడాదికోసారైనా తడపం.

అల్ అమెరాత్‌లో దీని గతి మరీ కష్టం. చుట్టూ ఉన్న రాతికొండలు పగలు తాగిన వేడిని రాత్రి పొద్దుపోయేదాకా వదలవు. జూన్, జూలైలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు. సాయంత్రం పార్కులో నాలుగు చుట్లు తిరిగి వచ్చేసరికి పట్టీ తడిసి, ఆరి, తెల్లటి ఉప్పు చార కడుతుంది. ఆ చార మీద వాదీల్లోంచి లేచిన సన్నటి దుమ్ము కూర్చుంటుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది గదా. అంచేత పట్టీ ఆరినట్టే ఉంటుంది గాని ఆరదు. జిప్పు బిళ్ళకు చిలుము పట్టేదీ అక్కడే.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాం. సంచిని పూర్తిగా ఖాళీ చేసి, తిరగేసి దులపాలి. పొడిగా ఉండగానే పాత పళ్ళ బ్రష్షుతో జిప్పును తోమాలి. తడిపాక తోమితే దుమ్ము కాస్తా బురదై పళ్ళ సందుల్లోకి పోతుంది. తరువాత సబ్బు కాదు, ముందు ఉత్త నీళ్ళు. ఉప్పును కరిగించేది నీరే. (సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి మన కొళాయిలకు పంపిస్తే, ఆ నీటితో మనం పట్టీ లోని ఉప్పు తీసుకుంటున్నామన్నమాట!) రెండుసార్లు నీళ్ళు మార్చాక, పిల్లల ఒంటికి వాడే సబ్బు లాంటి మెత్తటి సబ్బుతో మెడ, చంక తగిలే భాగాలను రుద్దితే చాలు. బ్లీచింగ్ నీళ్ళు వద్దు. వాషింగ్ మెషీను కూడా వద్దు.

ఇక్కడొక చిక్కుంది. వేసవిలో మన మిద్దె మీది ట్యాంకు పుణ్యమా అని చన్నీళ్ళ కొళాయి కూడా వేణ్ణీళ్ళ కొళాయే. ఆ వేడినీళ్ళు సంచి లోపలి పూతకు హాని. అందుకని గురువారం రాత్రి బకెట్టు నింపి ఏసీ గదిలో పెట్టుకుని, శుక్రవారం పొద్దున ఈ పని పెట్టుకోవాలి. ఆరవేయడం నీడలోనే, మూత తెరిచి, తలకిందులుగా. ఎండలో గంటలో ఆరుతుందని బాల్కనీలో వేస్తారు చాలామంది. ఆ ఎండకే నైలాను పీచు సత్తువ పోతుంది. పైగా పైబట్ట ఆరినా వెనక వైపు స్పాంజి ఆరదు. రాత్రంతా ఫ్యాను కింద ఉంచితే గాని పని కాదు.

జిప్పు బిగుసుకుంటే కొబ్బరినూనె రాయకండి. మనవాళ్ళకు కొబ్బరినూనెతో నయం కానిది లేదు గాని, జిప్పుకు మాత్రం అది దుమ్మును పిలిచే పేరంటం. కొవ్వొత్తి ముక్కో, పెన్సిలు మొనో రుద్దితే సాఫీగా జారుతుంది. వాసన పోవాలంటే ఆరిన సంచిలో వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులపాలి. ధోఫార్ సాంబ్రాణి ఎంత మేలురకమైనా ఆ పొగ చెమట వాసనను కప్పుతుందే గాని తియ్యదు. ఏళ్ళ తరబడి బీరువాలో దాచిన సంచి లోపలి పూత జిగురై పొట్టు రాలుతుంటే, అది వేడికీ తేమకూ విరిగిపోయిన పూత. దాన్ని ఉతికి బాగు చెయ్యలేం, పారెయ్యాల్సిందే.

ఇక వైద్యులుగా మాకు పట్టే విషయం. పట్టీ ఒరిసే చోట వచ్చే చెమటపొక్కులు గాలి తగిలితే తగ్గిపోతాయి. ఉంగరంలా అంచు కట్టి పాకే దురద వేరు, అది తామర. దానికి ఊరి నుంచి తెచ్చుకున్న, నాలుగు మందులు కలిపిన ట్యూబు రాస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద వారంలో తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల విస్తరిస్తుంది. సరైన మందు వాడుతూ, ఉతకని పట్టీని మళ్ళీ దాని మీదే వేసుకోవడం కూడా తగదు. బకిలు తగిలే చోట మాత్రమే దద్దు వస్తుంటే నికెల్ పడటం లేదేమో చూడాలి.

అన్నిటికంటె మాకు దిగులు కలిగించేది ఇన్సులిన్. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పెన్నును భద్రంగా గుండె దగ్గరే పెట్టుకుంటారు. ఒంటి వేడి 37 డిగ్రీలు. వాడుతున్న ఇన్సులిన్‌కు సాధారణంగా 30 దాటకూడదు, ఆ లోపునే ఉన్నా చాలా రకాలు సుమారు 4 వారాలే. ఎండలో గుండెకు ఆనుకున్న సంచిలో అది ఎంత వేడెక్కుతుందో లెక్క వేసుకోండి. చెడినా కొన్నిసార్లు రంగు మారదు, చక్కెర మాత్రం పెరుగుతుంది. ఆయన మీద మిఠాయి తిన్న నింద పడుతుంది! దారి మధ్యకే సంచి, చేరగానే ఫ్రిజ్జు లేదా చల్లని గది. మంచుగడ్డ పక్కన పెడితే గుడ్డ చుట్టి పెట్టాలి, గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా పనికిరాదు. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు వాటి సొంత సీసాలోనే ఉండాలి.

మందుల పట్టీని కత్తిరించి రెండేసి మాత్రలు సంచిలో వేసే అలవాటొకటి ఉంది. పేరు ఒక ముక్కకు, గడువు తేదీ ఇంకో ముక్కకు పోతుంది. మనిషి స్పృహ తప్పి వచ్చినప్పుడు మేము తెరిచేది ఆ సంచినే. పేరు లేని తెల్లమాత్ర చేతికొస్తే మాకు ఏమీ తెలియదు. కనుక సంచి ఉతికిన ప్రతిసారీ ఒక కాగితం కొత్తగా రాసి పెట్టండి. ఇంగ్లీషులో, కంపెనీ పేరు కాక మందు అసలు పేరు, మోతాదు, పడని మందులు, ఇంట్లోవారి ఫోను నెంబరు. అడుగున 9999 కూడా వెయ్యండి, కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకు ఒమాన్ అత్యవసర నెంబరు తెలియదు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు ఉంటే మందు చీటీ నకలు తోడుండాలి. కాగితం బాల్ పెన్నుతో రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. సిరా కలంతో రాస్తే ఒక్క వేసవి చెమటకే అలుక్కుపోతుంది.